నీటిజాడలో దొంగపేర్లు

పిల్లలూ, ఇది రాజులూ రథాలూ ఉన్న కాలం నాటి కథ కాదు. మొన్నమొన్నటిదే. అనగనగా ఒక అడవిలో, మనకున్నట్టే జంతువులకీ ఫోన్లు ఉండేవి. ఎవరు కొనిచ్చారు, ఛార్జింగ్ ఎక్కడ పెట్టుకునేవి అని మాత్రం నన్నడక్కండి. ఉండేవి, అంతే.

ఆ అడవి ఎర్రమట్టి గుట్టల మీద ఉండేది. వానాకాలంలో ఎటు చూసినా నీళ్లే. ఎండలు ముదిరితే మాత్రం వాగు ఎండిపోయి నాలుగైదు మడుగులే మిగిలేవి. వాటిలో ఏ రోజు ఏది ఎండిపోతుందో ఎవరికీ తెలిసేది కాదు. పైగా ఆ నీళ్లకి వెళ్లే దారుల్లోనే వేటగాళ్లు ఉచ్చులు పెట్టేవాళ్లు.

ఆ అడవిలో మంగతాయి అని ఒక ముంగిస ఉండేది. ఒక ఎండాకాలం దాని చెల్లెలు నీళ్లకని వెళ్లి ఉచ్చులో పడింది. మళ్లీ రాలేదు. ఆ దారిలో ఉచ్చు ఉందని ఆ పొద్దున్నే ఒక నెమలి చూసిందట. కానీ ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకుందట. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి మంగతాయి మనసుకి కుదురు లేదు. తెలిసినవాళ్లు ఒకచోట, తెలియనివాళ్లు ఇంకోచోట ఉండిపోతే ఎలా అని అదే ఆలోచన.

ఆ అడవిలోనే కనకయ్య అనే ముసలి కణుజు ఉండేవాడు. కణుజంటే పెద్ద కొమ్ములున్న అడవి దుప్పి. మంగతాయి ఆయన్ని మామా అని పిలిచేది. ఇద్దరూ కలిసి ఫోన్లలో ఒక చర్చావేదిక పెట్టారు. దానికి నీటిజాడ అని పేరు పెట్టారు. చేరాలనుకున్నవాళ్లు ఒక పేరు రాసి రిజిస్టర్ చేసుకుంటే చాలు. చేరాక ఎవరైనా ఏదైనా అడగొచ్చు. తెలిసినవాళ్లు జవాబు రాయొచ్చు.

రాతిమడుగులో నీళ్లున్నాయా అని కుందేలు అడిగేది. ఉన్నాయి గానీ నాచు పట్టింది, పక్కకి నెట్టుకుని తాగు అని కొంగ రాసేది. తూర్పు దారిలో కొత్త మనుషులు తిరుగుతున్నారని నెమలి చెప్పేది. ఇలా రెండు ఎండాకాలాలు గడిచాయి. ఆ రెండేళ్లలో నీటిజాడ చూసి వెళ్లినవాళ్లెవరూ ఉచ్చులో పడలేదు.

వేదిక బాగోగులు చూసే పని మంగతాయిది. రోజూ పొద్దున లేవగానే, నోట్లో ముద్ద పెట్టుకోకముందే, కొత్తగా వచ్చిన ప్రతి మాటా చదివేది. ఏదైనా తన కంట పడకుండా పోతుందేమోనని దానికి భయం.

మూడో ఎండాకాలంలో ఒక పొద్దున ఫోను తెరిచేసరికి నలభై మంది కొత్తవాళ్లు చేరి ఉన్నారు. ఎప్పుడూ వారానికి ఒకరో ఇద్దరో చేరేవాళ్లు. మంగతాయికి పట్టలేని సంతోషం వేసింది. కనకయ్య దగ్గరికి పరిగెత్తి చూపించింది. చూసే కళ్లు పెరిగితే మంచిదేగా అన్నాడాయన.

తిరిగి వస్తూ మంగతాయి ఆ పేర్లు చదివింది. జింక4471. జింక4472. జింక4473. ఏ జింకైనా తన పేరు చివర అంకె రాసుకుంటుందా అని చిన్న అనుమానం కలిగింది. ఎవరి ఇష్టం వాళ్లది అనుకుని సరిపెట్టుకుంది.

మధ్యాహ్నానికి ఆ నలభై మందీ రాయడం మొదలుపెట్టారు. అందరిదీ ఒకటే మాట.

"దాహం వేస్తోందా? చల్లగుళిక ఒక్కటి మింగండి. మూడు రోజులు నీళ్లు అక్కర్లేదు. కింది లింకు నొక్కండి."

ఇది ఎవరి పనో మీకు చెబుతాను, మంగతాయికి మాత్రం అప్పటికి తెలియదు. అడవి అంచున నాంచారయ్య అనే గుంటనక్క ఉండేవాడు. బంకమట్టిని గుళికలుగా చుట్టి, పుదీనా ఆకు రుద్ది అమ్మేవాడు. ఒక గుళికకి ఒక పిట్టగుడ్డు ధర. వాటిని అడవంతా చాటడానికి ఇరవై చిలకల్ని పట్టి, రెక్కల ఈకలు కత్తిరించి, ఒక వలలో పెట్టాడు. పొద్దస్తమానం వాటి ముందు ఫోన్లు పెట్టి, ఎక్కడ చేరాలో, ఏ పేరు రాయాలో, ఏం చెప్పాలో నేర్పాడు. చిలకలు నేర్పింది నేర్పినట్టు చేసేవి. చేయకపోతే ఆ పూట వాటికి నీళ్లుండవు.

మంగతాయి ఆ నలభై పేర్లూ ఒక్కొక్కటే తీసేసింది. మర్నాడు రెండు వందలు వచ్చాయి. అవీ తీసేసింది. అటు తీసేలోపు ఇటు ఇంకో మూడు వందలు వచ్చాయి. తిండి మానేసి తీస్తూ కూర్చుంది. ముందరి కాళ్లు తిమ్మిరెక్కాయి. ఎంత తీసినా పైన చల్లగుళికలే కనిపించేవి. నిజమైన మాటలన్నీ అడుగున ఎక్కడో పడిపోయాయి.

ఆ వారంలోనే ఒక అడవిపంది తల్లి ఆరు పిల్లల్ని వెంటేసుకుని ఈతచెలమకి వెళ్లింది. అంతకు ముందురోజే కొంగ అక్కడ నీళ్లు అడుగంటాయని రాసింది. ఆ మాట చల్లగుళికల కింద కూరుకుపోయింది. పంది వెళ్లి చూస్తే అక్కడ పగుళ్లు తీసిన బురదే ఉంది. ఎర్రటి ఎండలో మళ్లీ రాతిమడుగు దాకా నడవాల్సి వచ్చింది. చిన్నపిల్ల ఒకటి దారిలో కూలబడిపోతే నోట కరుచుకుని మోసింది. ఎలాగో బతికింది ఆ పిల్ల.

మంగతాయి వెళ్లి క్షమాపణ అడిగింది. పంది కోప్పడలేదు. తాను ఇక నీటిజాడ చూడటం మానేశానని మాత్రం చెప్పింది. మంగతాయికి తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

ఇలా కాదని మంగతాయి ఒక ఉపాయం చేసింది. చేరేచోట వంకరటింకర అక్షరాలు పెట్టింది. ఒకటి తలకిందులుగా ఉంటుంది, ఒకటి పక్కకి పడుకుని ఉంటుంది, మీద గీతలు కొట్టి ఉంటాయి. వాటిని చదివి సరిగ్గా రాస్తేనే లోపలికి రానిస్తుంది.

ఒక రోజంతా దొంగపేరు ఒక్కటీ రాలేదు. మంగతాయి హాయిగా ఊపిరి పీల్చుకుంది.

కానీ అదే రోజు ఇంకొకటి జరిగింది. అది మంగతాయికి తెలియలేదు. పైకొండ మీద ఎల్లమంద అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఎలుగుబంట్లకి చూపు కాస్త తక్కువ. ఆయన ఎప్పుడూ నీటిజాడలో చేరలేదు. ఆ రోజు ఏదో చెప్పాలని తొందరపడుతూ మొదటిసారి ఫోను పట్టుకున్నాడు. వంకర అక్షరాలు ఎంత దగ్గరికి పెట్టుకుని చూసినా చీమల బారులా కనిపించాయి. ఎనిమిదిసార్లు రాశాడు. ఎనిమిదిసార్లూ తప్పన్నది. ఫోను గుహలో పడేసి వెళ్లిపోయాడు.

చిలకలు మాత్రం రెండు రోజుల్లో ఆ అక్షరాలు చదవడం నేర్చేసుకున్నాయి. నాంచారయ్య వాటిని అదే పనిగా కూర్చోబెట్టి నేర్పాడు. మూడో పొద్దున మంగతాయి ఫోను తెరిచేసరికి నాలుగు వందల దొంగపేర్లు.

ఈ చల్లగుళికల కింద ఏ ఉచ్చు మాట దాగిపోయిందో, ఇప్పుడు ఎవరు ఎటు వెళుతున్నారో అనుకుంటూ మంగతాయి వేగంగా కిందికి వెతికింది. వెతికేకొద్దీ కొత్తవి పైన వచ్చి పడుతున్నాయి. ఇక ఆగలేకపోయింది. కనకయ్య దగ్గరికి వెళ్లి, చేరే తలుపు పూర్తిగా మూసేస్తానని చెప్పింది.

కనకయ్య నెమ్మదిగా అడిగాడు.

"నిజంగా కొత్తవాళ్లు ఎవరైనా వస్తే ఏం చేస్తారు మంగా?"

"వానలు పడ్డాక తెరుద్దాం మామా. అప్పటిదాకా ఉన్నవాళ్లం చాలు. నా వల్ల కావడం లేదు."

కనకయ్యకి ఆ మాట నచ్చలేదు. కానీ దాని ముఖం చూశాడు. వారం రోజులుగా తిండి లేక డొక్కలు లోపలికి పోయాయి. కళ్లు ఎర్రబడ్డాయి. సరే నీ ఇష్టం అన్నాడు.

మంగతాయి తలుపు మూసేసి, అప్పటికే దూరిన దొంగపేర్లన్నీ తీసేసింది. చేరేచోట ఒక మాట రాసింది. కొత్తవారిని చేర్చుకోవడం లేదు.

వెంటనే అంతా సద్దుమణిగింది. చల్లగుళికలు మాయమయ్యాయి. కొంగ మాట, నెమలి మాట, కుందేలు మాట స్పష్టంగా కనిపించాయి. మంగతాయి ఆ రోజు కడుపు నిండా తిని పడుకుంది. రెండో రోజూ అలాగే గడిచింది. ఈ పని ముందే చేసి ఉండాల్సింది అనుకుంది.

మూడో రోజు పొద్దున పక్కగుట్ట అడవిలో నిప్పంటుకుంది. కోటమ్మ అనే కొండగొర్రె తన పసిపిల్లతో ఆ పొగ తప్పించుకుని ఈ అడవికి వచ్చింది. కొండగొర్రె అంటే సన్నని కాళ్లతో ఉండే చిన్న అడవి జంతువు, ఆకు కదిలినా బెదురుతుంది. కొంగలమడుగులో నీళ్లు తాగి ఒడ్డెక్కేసరికి మనుషుల మాటలు వినిపించాయి. పిల్లని పొదలోకి నెట్టి, తనూ నక్కి చూసింది. ముగ్గురు మనుషులు దారికి అడ్డంగా నైలాను తాళ్లతో ఉచ్చులు కడుతున్నారు. ఒకటి కాదు, తొమ్మిది కట్టారు. పైన ఎండుటాకులు చల్లారు. పొద్దు వాలేలోపు వచ్చి చూసుకుందామని చెప్పుకుంటూ వెళ్లిపోయారు.

కోటమ్మకి ఆ అడవిలో ఎవరూ తెలియదు. కానీ నీటిజాడ సంగతి పక్కగుట్ట మీద ఉన్నప్పుడే విన్నది. ఫోను తీసి పేరు రాసింది. కొత్తవారిని చేర్చుకోవడం లేదు అని వచ్చింది. తాను తప్పు నొక్కిందేమోనని మళ్లీ రాసింది. మళ్లీ అదే. మూడోసారి పేరు రాసే చోట, కొంగలమడుగు దారిలో ఉచ్చులున్నాయి, ఎవరూ రావద్దు అని రాసింది. దానికీ అదే జవాబు.

అప్పుడేం చేయాలి? పిల్లని వెంట తీసుకెళితే పరుగు సాగదు. వదిలివెళితే ఏమవుతుందో తెలియదు. పిల్లని పరికిపొద కిందికి ఇంకా లోపలికి నెట్టి, కదలకుండా పడుకోమని చెప్పింది. తిరిగి తిరిగి చూసుకుంటూ, కనబడిన ప్రతి పిట్టనీ మంగతాయి పుట్ట ఎక్కడని అడుగుతూ పరిగెత్తింది.

మంగతాయి పుట్ట బయట కూర్చుని ఉంది. రొప్పుతూ వచ్చిన కోటమ్మని చూసి ఉలిక్కిపడింది. కోటమ్మ తొమ్మిది ఉచ్చుల సంగతి చెప్పింది. మంగతాయికి వెంటనే నమ్మకం కలగలేదు. పది రోజులుగా అబద్ధాలే చదివి చదివి ఉంది. ఇదీ ఆ గుళికల వాళ్ల ఎత్తే అయితే? అందర్నీ మంచి మడుగు నుంచి తప్పించి, దాహంతో మాడ్చి, గుళికలు కొనిపించాలని చూస్తుంటే?

"ఏమనుకోకమ్మా," అంది మంగతాయి. "నువ్వు నిజంగా కొంగలమడుగు నుంచే వస్తున్నావా? అక్కడి నీళ్లు తాగావా?"

"నేను తాగాను అక్కా. నా బిడ్డే తాగలేదు. తుమ్మచెట్టు వైపు నీళ్లు ఇనుప తుప్పు వాసన కొట్టాయి. రెండోవైపు పేడనీళ్లలా ఉన్నాయి. అయినా కళ్లు మూసుకుని తాగాను, పాలు పడాలి కదా."

మంగతాయి ఇంకేమీ అడగలేదు. తుమ్మచెట్టు వైపు తుప్పు వాసన సంగతి నీటిజాడలో ఎవరూ ఎప్పుడూ రాయలేదు. ఆ మడుగులో తనలా మూతి పెట్టినవాళ్లకే అది తెలుస్తుంది.

ఫోను తీసింది. ఉచ్చుల మాట రాయబోతూ పైన ఉన్న మాట చదివింది. అది గంట కిందట కనకయ్య రాసింది. కొంగలమడుగుకి బయల్దేరుతున్నాను, దారి బాగుందా అని అడిగాడు. దాని కింద ఒక కుందేలు జవాబు రాసింది. నిన్న నేను వెళ్లొచ్చాను తాతా, బాగుంది.

మంగతాయి వెంటనే, మామా ఆగు, ఉచ్చులున్నాయి అని రాసింది. జవాబు లేదు. నడిచేటప్పుడు కనకయ్య ఫోను చూడడు. మళ్లీ రాసింది. మళ్లీ చూసింది. లేదు. ఇక ఇద్దరూ పరిగెత్తారు.

సగం దారిలో ఉండగానే కనకయ్య అరుపు వినిపించింది. ఒక్కసారే వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. అదే మంగతాయిని ఎక్కువ భయపెట్టింది.

వెళ్లేసరికి కనకయ్య పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. వెనక కాలికి తాడు బిగుసుకుంది. లాగిన కొద్దీ ఇంకా లోతుకి దిగింది. తాడు రెండో కొస పెద్ద గుంజకి కట్టి ఉంది. మంగతాయి తాడుని పళ్లతో కొరకడం మొదలుపెట్టింది. నైలాను తాడు కదా, తెగలేదు. చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చింది. పొద్దు పడమటికి జారుతోంది. కోటమ్మ ఒకసారి పిల్లని దాచిన పొద వైపు చూస్తోంది, ఒకసారి మనుషులు వెళ్లిన దారి వైపు చూస్తోంది. ఉచ్చులన్నీ ఎక్కడెక్కడున్నాయో దానికొక్కదానికే తెలుసు. అందుకని పిల్ల దగ్గరికి వెళ్లలేక, వచ్చేవాళ్లని ఆపడానికి దారిలోనే నిలబడింది.

అప్పుడు పొదలు కదిలాయి. మనుషులే వచ్చారనుకున్నారు ముగ్గురూ. వచ్చింది ఎలుగుబంటి ఎల్లమంద. కనకయ్య అరుపు విని కొండ దిగి వచ్చాడు. కోటమ్మ అతన్ని ఉచ్చుల మధ్య నుంచి అడుగు అడుగూ చెప్పి నడిపించింది. ఎల్లమంద గుంజ చుట్టూ గోళ్లతో తవ్వాడు. రెండు చేతులా పట్టుకుని ఊపాడు. మూడోసారి ఊపేసరికి గుంజ పైకి వచ్చింది.

దూరంగా మనుషుల మాటలు వినిపించాయి. ఎల్లమంద కనకయ్యని భుజంతో లేపి నిలబెట్టాడు. కనకయ్య మూడు కాళ్ల మీద, తాడూ గుంజా ఈడ్చుకుంటూ నడిచాడు. కోటమ్మ పరికిపొద దగ్గరికి పరిగెత్తింది. పిల్ల చెప్పినట్టే కదలకుండా పడుకుని ఉంది. దాన్ని లేపి అందరూ రాళ్లగుట్ట వెనక్కి చేరుకున్నారు. మనుషులు వచ్చారు, ఊడిన గుంజ గుంట చూసి తిట్టుకున్నారు, కాసేపు వెతికి వెళ్లిపోయారు. అంతసేపూ ఎవరూ గట్టిగా ఊపిరి కూడా తీయలేదు.

అప్పుడు మంగతాయి ఎల్లమందకి చేతులు జోడించింది. ఆయన తల దించుకుని, మెల్లగా అన్నాడు.

"ఈ మనుషులు తాళ్లు పేనుతుంటే నాలుగైదు రోజుల కిందే చూశానమ్మా. చెబుదామనే మీ దాంట్లో చేరబోయాను. ఆ వంకర అక్షరాలు నాకు కనిపించలేదు."

చెప్పగలిగినవాళ్లు ఇద్దరు వచ్చారు. ఒకరిని మంగతాయి వంకర అక్షరాలతో ఆపింది. ఇంకొకరిని మూసిన తలుపుతో ఆపింది. చెల్లెలి సంగతిలో నెమలి చెప్పే చోటు లేక ఊరుకుంది. ఇప్పుడు చోటు ఉండి కూడా తనే చెప్పనివ్వలేదు. కనకయ్య పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఎల్లమంద గోళ్లతో ముడి సడలించి తాడు తీశాక కూడా కనకయ్య వెనక కాలు మునుపటిలా రాలేదు. అప్పటి నుంచి కుంటుతూనే నడిచేవాడు.

తలుపు తెరవాలి. తెరిస్తే మళ్లీ నాలుగు వందల దొంగపేర్లు వచ్చి పడతాయి. ఆ రాత్రంతా మంగతాయికి ఇదే దిగులు. తెల్లవారాక అందర్నీ రాళ్లగుట్ట దగ్గరికి పిలిచింది. తన తప్పు దాచకుండా చెప్పింది. తర్వాత, కోటమ్మ నిజం చెబుతోందని తనకి ఎలా తెలిసిందో చెప్పింది.

అందరూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. చేరేచోట వంకర అక్షరాలు తీసేశారు. దాని బదులు ఒకే ప్రశ్న పెట్టారు.

ఆఖరిసారి నువ్వు తాగిన నీళ్లు ఎలా ఉన్నాయి?

రాయలేనివాళ్లు నోటితో చెప్పి పంపినా సరే అన్నారు. వచ్చిన ప్రతి జవాబునీ ఒక సభ్యుడు చదవాలి. చదివి, నిజంగా తాగినవాళ్ల మాటలా ఉంటే రానివ్వాలి. అనుమానం ఉంటే ఇంకోమాట అడగాలి. కొత్తవాళ్ల మొదటి మాటని కూడా ఒకరు చూశాకే అందరికీ కనిపించనివ్వాలి. ఈ పని ఒక్క మంగతాయిదే కాదు. అందరూ వంతులవారీగా చేయాలి. ఇక నీటిజాడ చూడనన్న అడవిపంది కూడా తన వంతు అడిగి తీసుకుంది. కనకయ్య, తను ఎక్కువ దూరం నడవలేడు కాబట్టి, పొద్దుటి పూట తనకే ఇవ్వమన్నాడు.

ముందుగా ఎల్లమంద నోటితో చెప్పాడు. రాతిసందులో ఊరే నీళ్లు, తేనెపట్టు మైనం వాసన వస్తాయి, నాలుకకి జివ్వుమంటాయి. వెంటనే రానిచ్చారు.

తర్వాత చిలకల వరస వచ్చింది. మూడు వందల పన్నెండు జవాబులు. కనకయ్య ఒక్కొక్కటే చదివాడు. అన్నీ ఒకటే. నీళ్లు చాలా బాగున్నాయి, కింది లింకు నొక్కండి. ఒక్కదాన్నీ రానివ్వలేదు. నాంచారయ్య చిలకలకి జవాబు మార్చి నేర్పాడు. మర్నాడు అన్నీ, నీళ్లు తియ్యగా ఉన్నాయి అని వచ్చాయి. వాటినీ ఆపారు. ఒకటి రెండు ఎలాగో దూరి లోపలికి వచ్చాయి, మొదటి మాట దగ్గరే దొరికిపోయాయి. ఒకసారి నిజమైన ఉడతని కూడా పొరపాటున ఆపారు. మంగతాయి స్వయంగా దాని చెట్టు దగ్గరికి వెళ్లి పిలుచుకొచ్చింది.

నాలుగో రోజు పొద్దున కనకయ్య చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. మంగతాయిని పిలిచి చూపించాడు. పేరు జింక4471. జవాబు మాత్రం వేరు.

"చిప్పలో పోసిన నీళ్లు. మధ్యాహ్నానికి వేడెక్కుతాయి. ఈకలు తేలుతుంటాయి. అడిగింది చేస్తేనే పోస్తాడు. నేను జింకని కాదు, చిలకని. ఇలా నన్నెవరూ ఏమీ అడగలేదు, అందుకే రాస్తున్నాను."

అబద్ధాలు పంపిన వందల పేర్లలో ఒకటి అది. దీన్ని నమ్మితే ఏమవుతుందో అనుకుంది మంగతాయి. పేరు తీసేసే బొత్తాం మీదికి వేలు వెళ్లింది. అక్కడే ఆగింది.

"ఇది కూడా వలైతే మామా?"

"కావచ్చు. అందుకేగా మొదటి మాట మనమే చదువుతున్నాం. ఇంకోటి అడుగు."

మంగతాయి అడిగింది. నువ్వెక్కడున్నావు, ఎంతమంది ఉన్నారు? చిలక రాసింది. అడవి అంచున కూలిన మట్టిగోడ వెనక, ఇరవై మందిమి, నక్క పొద్దున్నే గుళికలు అమ్మడానికి వెళతాడు, మధ్యాహ్నం దాకా రాడు. కొంగ ఎగిరి వెళ్లి పైనుంచి చూసి వచ్చింది. నిజమే అని చెప్పింది.

మర్నాడు పొద్దున ఎల్లమందా అడవిపందీ వెళ్లి వల చింపారు. చిలకల రెక్కలు కత్తిరించి ఉన్నాయి కదా, ఎగరలేవు. పద్నాలుగు ఎల్లమంద వీపు మీద ఎక్కి వచ్చాయి. ఆరు మాత్రం బయటికి రావడానికే భయపడ్డాయి. ఎంత పిలిచినా కదల్లేదు. ఆ ఆరింటితో నాంచారయ్య ఇంకా దొంగపేర్లు పంపుతూనే ఉన్నాడు. రోజుకి ఇరవయ్యో ముప్పయ్యో వస్తాయి. వాటిలోనూ ఎప్పుడైనా వేరే మాట ఉంటుందేమోనని కనకయ్య అన్నీ చదివే తీసేస్తాడు.

జింక4471 ఆ పేరు తీసేసి, చిలక అని రాసుకుని నీటిజాడలో చేరింది. అందులో దాని మొదటి మాట ఇది.

"నేను మడుగులో నీళ్లు ఎప్పుడూ తాగలేదు. రెక్కలు వచ్చేదాకా నడిచే వెళ్లాలి. దగ్గరలో ఏది?"

మధ్యాహ్నంలోపు దానికి పదకొండు జవాబులు వచ్చాయి.

నీతి: మోసగాళ్లకి భయపడి తలుపు మూసేస్తే, మన మేలు కోరి వచ్చినవాళ్లు కూడా బయటే ఉండిపోతారు. వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆపి అడగాలి, చెప్పేది ఓపికగా విని, అప్పుడు రానివ్వాలి.